చూసి చెబుతానక్కా

నా ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ పేరుకే కన్ను. వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డారని తెలుస్తుంది, అంతే. చదువూ ఉద్యోగమూ, ఇన్నేళ్ళుగా పిల్లల లెక్కల పేపర్లు దిద్దడమూ అన్నీ కుడి కంటి కష్టార్జితమే. ఆ కుడి కంట్లో, పోయిన వర్షాకాలం ఒక మధ్యాహ్నం, పొన్నూరు దగ్గర మా హైస్కూల్లో బోర్డు మీద వృత్తం గీస్తుండగా, పైనుంచి నల్లటి తెర ఒకటి దిగింది. పై సగం వృత్తం మాయమైంది. సుద్దముక్క సరిగా పడలేదనుకుని దాని మీదే మళ్ళీ గీశాను. పిల్లలు నవ్వారు. నాకు కోపం వచ్చింది. భయం సాయంత్రానికి గానీ రాలేదు.

కంటి లోపలి పొర ఊడిందన్నారు గుంటూరులో. మర్నాడే ఆపరేషన్ చేసి పొరని అతికించారు. అది గట్టిగా పట్టుకునేదాకా నొక్కి ఉంచడానికి లోపల గాలి బుడగ పెట్టారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. పొర ఉన్నది కంటి వెనక. అంటే వెనక భాగం పైకి ఉండాలి, ముఖం నేలకేసి ఉండాలి. పది రోజులు బోర్లా పడుకోవాలి, తిండికి లేచినా తల వంచుకునే తినాలి. తలెత్తితే పొర మళ్ళీ ఊడుతుందనీ, అప్పుడు ఇంకో ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని మాట ఇవ్వలేననీ డాక్టరు చెప్పారు. లెక్క నాకు వెంటనే అర్థమైంది. అర్థం కావలసింది మెడకి.

తెనాలిలో మా ఇంట్లో పాత నవారు మంచం ఒకటి ఉంది. మా ఆయన దాని తల వైపు నవారు నాలుగు వరసలు వదులు చేసి, పక్కలకి జరిపి, ముఖం పట్టేంత సందు చేశారు. సందు చుట్టూ తుండుగుడ్డ చుట్టారు. అందులో ముఖం పెట్టి పడుకుంటే కింద గచ్చు, ఆ గచ్చు మీద బోర్లించిన గిన్నె, గిన్నె మీద నా ఫోను. చూడ్డానికి కాదు, చెయ్యి చాపితే అందడానికి. తను చేసిన ఏర్పాటుకి ముచ్చటపడి దానికి ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టి, పొద్దున్నే బాపట్ల ఆఫీసుకి రైలెక్కి వెళ్ళిపోయారు. పగలంతా ఇంట్లో నేనూ, వంటింట్లో పనావిడా.

మా వైపు ఒంట్లో బాగోలేని మనిషిని చూడ్డానికి రాకపోతే అది జీవితాంతం గుర్తు పెట్టుకునే తప్పు. కాబట్టి అందరూ వచ్చారు. వచ్చినవాళ్ళకి ఎక్కడ చూసి మాట్లాడాలో తెలియలేదు. కొందరు నా వీపుతో మాట్లాడారు. కాకుమాను నుంచి వచ్చిన మా పిన్నత్తగారు మాత్రం పద్ధతి తప్పకూడదని కింద గచ్చు మీద కూర్చుని, మంచం కిందకి వంగి, సందులోంచి నా ముఖంలోకి చూస్తూ, వాళ్ళ ఊళ్ళో ఒకావిడకి ఇదే ఆపరేషన్ రెండుసార్లు చేసినా చూపు రాలేదని వివరంగా చెప్పారు. పుండు మీద కారం చల్లడానికి అంత కష్టపడి వంగాలా అనుకున్నాను. ఆవిడ లేవలేకపోతే పనావిడ వచ్చి లేపింది.

రానిది ఒక్కతే. రేపల్లెలో ఉండే నా తోడికోడలు.

రాకపోవడానికి కారణం నాకు తెలుసనుకున్నాను. ఆమెకి ఫోన్ పిచ్చి అని మా ఇళ్ళల్లో పేరు. ఎక్కడెక్కడి వీడియోలో, పాటలో, బొమ్మలు వేసేవాళ్ళో, కబుర్లు చెప్పేవాళ్ళో అన్నీ వెతికి రోజుకి నాలుగైదు నాకు పంపేది. పైన 'ఇది చూడండక్కా, మనసు తేలికవుద్ది' అని రాసేది. నా మనసు తేలిగ్గానే ఉందని నా ఉద్దేశం. రెండేళ్ళ కిందట బాపట్లలో మా ఆడపడుచు గృహప్రవేశంలో, భోజనాల వరసలో, ఆమె పులిహోర బేసిన్ పట్టుకుని వడ్డిస్తుంటే నేను అందరూ వినేలా అన్నాను, నువ్వు పంపేవన్నీ చూడాలంటే నాకు ఇంకో జన్మ కావాలమ్మా, ఇక పంపకు అని. వరసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, నా ఆకులో పులిహోర ఇంకో గరిటె వేసింది. ఆ రోజు నుంచి ఒక్కటి పంపలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనుకునే రకాన్ని కనక, ఆ నిశ్శబ్దాన్ని నా విజయంగానే లెక్క వేసుకున్నాను.

మూడో రోజు ఉదయం ఫోను మోగింది. తడుముకుని నొక్కితే, రికార్డు చేసి పంపిన ఆమె గొంతు.

"అక్కా, మీరు వీడియోలు పంపొద్దన్నారు. అందుకని పంపట్లేదు. నేను చూసి చెబుతానక్కా. వద్దంటే మానేస్తా."

వద్దనడానికి నేను గొంతు సవరించుకునేలోపే రెండో మెసేజి మొదలైంది. ఎక్కడో మంచు దేశంలో ఒక ముసలాయన చెట్టు మొద్దు ముందు కూర్చుని గరిటె చెక్కుతున్నాడట. ఆయన చేతులు మా మామగారి చేతుల్లాగే ఉన్నాయట, బొటనవేలు గోరు సగం లేదట. చెక్క పొట్టు ఉల్లిపాయ పొరల్లా లేచి ఒళ్ళో పడుతోందట. ఇంటి కిటికీలోంచి ఆయన భార్య తల బయటికి పెట్టి, "గరిటె ఎన్నాళ్ళు చెక్కుతావయ్యా, ఇక్కడ కూర మాడిపోతోంది" అంటోందట. ఆయన పలకడట. వినపడక కాదట, అలవాటట. నేను బోర్లా పడుకుని నవ్వాను. బోర్లా పడుకుని నవ్వితే పొట్ట మంచానికి కొట్టుకుంటుందని అప్పుడే తెలిసింది.

ఆ ముసలాయన మూడు పూటలు వచ్చాడు. తర్వాత నీళ్ళరంగులు వేసే ఒకమ్మాయి వచ్చింది. ముందు కాగితమంతా తడిపింది, నారుమడికి నీళ్ళు పెట్టినట్టు, ఎక్కడా ఎక్కువ కాకుండా. మూల నీలం చుక్క ఒకటి వదిలింది. "ఏ నీలమంటే అక్కా, స్టవ్ మంట అడుగున ఉంటది చూడు, అది" అంది నా తోడికోడలు. ఆ నీలం నాకు గచ్చు మీద కనిపించింది. ఇన్నేళ్ళలో మంట రంగు ఎప్పుడైనా చూశానా అని ఆలోచించాను. పాలు పొంగాయా లేదా అన్నదే చూశాను.

ఒకరోజు పాత వాయులీనం కచేరీ. ఒక ఫోనులో పాట పెట్టి, రెండో ఫోనులో చెప్పింది. వాయించే ఆయన ఎప్పుడు కళ్ళు మూసుకున్నాడో, మృదంగం ఆయన ఎప్పుడు నవ్వుకున్నాడో, ముందు వరసలో ఒకావిడ తాళం తప్పి ఎలా సర్దుకుందో చెప్పింది. పాటకి అడ్డు రాకుండా, పాట ఊపిరి తీసుకునే చోట్లలోనే మాట్లాడింది. ఆ నేర్పు ఎవరూ నేర్పించేది కాదు. నేను శిక్షణ తరగతుల్లో ఎందరో ఉపన్యాసకులని విన్నాను, ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళని ఇద్దరినో ముగ్గురినో చూశాను. పదో తరగతితో చదువు ఆపేసిన ఈమెకి అది ఉంది. నేను ఇన్నాళ్ళూ దాన్ని పిచ్చి అన్నాను.

నక్షత్రాల మీద ఎవరో చెప్పిన పాడ్‌కాస్టు విని చెప్పినప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను. కాంతి సంవత్సరం అంటే కాలమన్నట్టు చెప్పుకుపోతోంది. మొదటిసారి నేను తిరిగి మాట పంపాను. మంచం సందులోంచి గచ్చుకేసి అరిచినట్టే పంపాను, అది కాలం కాదు, దూరం అని. కాసేపటికి జవాబు వచ్చింది.

"అలాగా అక్కా. అయితే ఆ చెప్పినాయన తప్పు చెప్పలేదు, నేనే తప్పు విన్నాను. ఇంకోసారి చెప్పవా, రాసుకుంటా."

చెప్పాను. అలా నేను కూడా చెప్పడం మొదలైంది. ఆమె 'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఎప్పుడు దిగిందో ఇద్దరం గమనించలేదు.

ఒక్క విషయం మాత్రం నాకు అంతు పట్టలేదు. కథ మధ్యలో ఉన్నట్టుండి ఆపి, "ఇప్పుడు మెడ ఎడం వైపు లాగుతుంటది, గడ్డం కింద గుడ్డ కొంచెం మడత పెట్టుకో" అనేది. సరిగ్గా అప్పుడే మెడ ఎడం వైపు లాగుతుండేది. "చేతులు తిమ్మిరెక్కుంటాయి" అనేది. ఎక్కేవి. డాక్టరు ఇచ్చిన కాగితంలో ఇవేమీ లేవు.

ఆరో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. పనావిడ దుకాణానికి వెళ్ళింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. పిన్నత్తగారి ఊళ్ళో ఆవిడ గుర్తొచ్చింది. కన్ను పోయిందేమో, ఇదంతా ఉత్త పడకేమో, ఒక్కసారి తల పైకెత్తి కిటికీ వైపు చూస్తే తెలిసిపోతుంది కదా అనిపించింది. ఒక్క క్షణమే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు బోర్డు వైపు తలెత్తి బతికినదాన్ని, ఇక ఓర్చుకోలేకపోయాను. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించాను. మోచేతులు నిటారుగా అయ్యాయి కూడా.

ఫోను మోగింది. అలవాటుగా చెయ్యి కిందకి దిగింది. ఒక చెయ్యి దిగితే రెండోది నా బరువు మొయ్యలేక అదీ దిగింది.

"అక్కా, ఈ టైంలో బాగా విసుగ్గా ఉంటది. లేవాలనిపిస్తది. ఎడం చెయ్యి కిందకి వేలాడెయ్యి. మోకాళ్ళ కింద దిండు జరుపుకో. జరుపుకున్నావా? సరే విను. ముసలాయన గరిటె అయిపోయింది, భార్య చేతికిచ్చాడు. ఆవిడ ఏమందో చెప్పనా?"

ఏమందో వినడానికి పడుకున్నాను. ఏడుస్తూనే విన్నాను.

పదో రోజు డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, పొర అతుక్కుందన్నారు. బాగా మాట విన్నారని మెచ్చుకున్నారు. నేను ఎవరి మాట విన్నానో ఆయనకి తెలియదు. బుడగ కరిగేదాకా చూపులో చెంబులో నీళ్ళలా ఒక గీత ఊగుతూ ఉండేది. రోజురోజుకీ ఆ గీత కిందకి దిగుతుంటే, దాని పైన మా వీధి కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. ఇప్పుడు నిలువు గీతలు కాస్త వంకరగా కనిపిస్తాయి. అయినా పేపర్లు దిద్దుకుంటున్నాను.

చలి మొదలయ్యాక, ఒక ఆదివారం రేపల్లె రైలెక్కాను. ఆమె చెప్పినవన్నీ కళ్ళారా చూడాలని నా ఆశ. కాఫీ తాగుతూ, ముసలాయన్ని చూపించమన్నాను. ఇప్పుడెందుకక్కా, చెప్పేశాగా అంది. పట్టుబట్టాను. మొహమాటపడుతూ ఫోను ఇచ్చింది.

ముసలాయన ఉన్నాడు. మంచు ఉంది, చెక్క పొట్టు ఉంది, సగం గోరు కూడా ఉంది. కిటికీ లేదు. భార్య లేదు. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు, కత్తి చప్పుడు తప్ప. వీడియో రెండు నిమిషాలు కూడా లేదు.

"మరి ఆవిడేది?" అన్నాను, దొంగలెక్క పట్టుకున్న గొంతుతో.

కథకి కాళ్ళు లేవు, ముంతకి చెవులు లేవు అని నవ్వేసి, గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. నేను చెయ్యి కడుక్కుందామని వెనక గదిలోకి వెళ్ళాను.

అక్కడ గోడ వారగా నవారు మంచం ఉంది. తల వైపు నాలుగు వరసలు వదులు చేసి, పక్కలకి జరిపి ఉన్నాయి. సందు చుట్టూ తుండుగుడ్డ. కింద బోర్లించిన గిన్నె.

ఎవరికి ఆపరేషన్ అని అడిగాను. గుమ్మంలో నిలబడి, ఎవరికీ కాదంది. బావగారు పెట్టిన ఫొటో చూసి కట్టిందట. మెడ ఎంతసేపటికి లాగుతుందో తెలియకుండా ఏం చెప్పను అంది. చెప్పిన అన్ని రోజులూ ఇందులో పడుకునే చెప్పేదట.

"రెండు నిమిషాల వీడియో రెండు నిమిషాలే చెబితే, మిగతా పూటంతా నువ్వు తలెత్తకుండా ఉండొద్దా అక్కా?"

అయితే చూడ్డానికి ఎందుకు రాలేదన్నాను. వస్తే నా వీపు చూసి ఏడ్చేదట. ఏంటా అని నేను తలెత్తేదాన్నట.

గృహప్రవేశం నాటి మాటకి క్షమించమని అడిగాను. ఏ మాటో గుర్తు లేనట్టు ముఖం పెట్టింది. లేనివి కల్పించడం వచ్చిన మనిషికి ఉన్నది మరిచిపోవడం ఎంత పని. విప్పడానికి తీరిక లేక వదిలేశానంటూ నవారు బిగించడానికి వంగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. కళ్ళద్దాలు తీసి ఆమె చేతిలో పెట్టి, ఆ మంచం మీద బోర్లా పడుకుని, సందులో ముఖం పెట్టాను. గచ్చు మీద చిన్న చీమ ఒకటి నడుస్తోంది. నాకు కనిపించింది.

"ఇప్పుడు కనపడుతోందిగా, ఇంకేం చెప్పను?" అంది తను, నా పక్కన నేల మీద కూర్చుంటూ.

"గరిటె చేతికిచ్చాక ఆవిడ ఏమందో, అది మళ్ళీ చెప్పు" అన్నాను.