ఆదోని సదస్సులో మేము చదవని వార్త

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరు నుంచి పొద్దుటి బస్సులో ఆదోనికి చేరి ఇలా దిగామో లేదో, బస్టాండులో ఒక కాకి వచ్చి మా సుభద్ర టీచర్ తల మీద తన్ని ఎగిరిపోయింది.

నేనూ, నా స్నేహితురాలు రమీజా నవ్వుకున్నాం. టీచర్ నవ్వలేదు. పైటకొంగు తల మీదుగా కప్పుకుని, జట్కా సాయిబును పక్కకు పిలిచి ఏదో చెప్పి పంపారు. మా బళ్ళో సైన్సు చెప్పే మనిషి ఆమె... గ్రహణం పట్టిన వేళ మా చేత అన్నం తినిపించిన మనిషి. తల మీద కొంగుతో ఆమెను చూడడం అదే మొదలు.

ఆ రోజు ఆదోనిలోని ఒక బడిలో విద్యార్థి విలేకరుల సదస్సు. చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో గోడపత్రిక నడిపే పిల్లలూ, వాళ్ళను నడిపించే ఉపాధ్యాయులూ వచ్చారు. మా గోడపత్రికకు రాసేది నేను, బొమ్మలు వేసేది రమీజా, తప్పులు దిద్దేది సుభద్ర టీచర్.

కర్నూలు నుంచి వచ్చిన పాత్రికేయుడు ఒకాయన పాఠం చెప్పి, పని అప్పగించారు. ఊళ్ళోకి వెళ్ళి మధ్యాహ్నానికల్లా ఒక వార్త తేవాలి. "ఒకరు చెబితే అది మాట. ఇద్దరు చెబితే వార్త," అన్నారు. అన్నిటికన్నా మంచి వార్తను రాసినవాళ్ళ పేరుతో సైక్లోస్టైల్ తీసి అన్ని బళ్ళకూ పంచుతారట. ఆ పేరు నాదే కావాలని నా పట్టుదల. దేనిలోనూ రెండో స్థానానికి ఒప్పుకునే పిల్లను కాను నేను.

జిన్నింగ్ మిల్లు వెనక వీధిలోకి వెళ్ళాం. గాలి నిండా దూది నుసి... కిటికీ ఊచల మీద, తలుపుల మీద తెల్లగా పేరుకుని ఉంది. ఒక ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. వాకిట్లో గుమిగూడిన ఆడవాళ్ళ జుట్లకు దూది పట్టి, అందరూ ఒక్కసారే ముసలివాళ్ళయినట్టు కనిపించారు.

"ఎవరు పోయినారవ్వా?" అని అరుగు మీది ముసలామెను అడిగాను.

"శాంతమ్మ వాళ్ళ యక్క మే. ఎమ్మిగనూరులో టీచరమ్మ... సుభద్రమ్మ. తెల్లారేలోగా పానం పోయినాదంట. ఇప్పుడే కబురొచ్చినాది."

లోపల నేల మీద పడి ఏడుస్తున్నామె మా టీచర్ చెల్లెలు. "యక్కా... ఒంటిగా యాడికి పోయినావే..." అంటోంది. ముఖం అచ్చం టీచర్ ముఖమే.

ఇద్దరు చెప్పారు. పాఠం ప్రకారం అది వార్త.

టీచర్ మాతోనే వచ్చారని ఎవరికీ చెప్పకుండానే అక్కణ్ణుంచి బయటపడ్డాం. వీధి మలుపు తిరిగాక రమీజా నా చెయ్యి పట్టుకుంది.

"మే... మరి పొద్దున బస్సులో మన పక్కన కూసున్నది ఎవరు మే?"

తిరిగి వచ్చేసరికి హాలులో సుభద్ర టీచర్ కిటికీ పక్కన ఒక్కరే కూర్చుని ఉన్నారు. తల మీద కొంగు అలాగే ఉంది. రమీజా ఆమె ముఖం చూడలేదు. వెనక గోడ మీద నీడ పడుతోందా లేదా అని చూసింది.

చూసినదంతా నేనే చెప్పాను. టీచర్ ఉలిక్కిపడలేదు.

"శాంత ఏడ్చినాదా?"

"ఏడ్చినారు టీచర్."

"బాగా ఏడ్చినాదా?"

తలూపాను. ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి వదిలారు... ఆ ఊపిరి విన్నాక నాకు అంతకుముందు లేని భయం వేసింది.

అప్పుడు చెప్పారు. కాకి తల మీద తన్నితే చావు దగ్గరపడినట్టట. పోయిందని అయినవాళ్ళకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజంగా ఏడిస్తే ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. వాళ్ళు తలకు నీళ్ళు పోసుకున్నాక, బతికే ఉందని మారుకబురు వెళ్తుంది. అంతవరకూ నిజం ఎవరి నోటా రాకూడదు.

"నాకు నమ్మకం లేదు మే," అన్నారు. కొంగు సర్దుకుంటూ, "మా యమ్మను కాకి తన్నినప్పుడు కబురు పంపనీకి ఎవరూ లేకపోయిరి," అన్నారు.

భోజనాలయ్యాక మా బడి పేరు పిలిచారు. లేచి నిలబడ్డాను. అంత పెద్ద వార్త ఆ హాలులో మరెవరి దగ్గరా లేదు... చచ్చిపోయిన మనిషి కిటికీ పక్కన కూర్చుని నా వైపే చూస్తోంది.

"మాకు ఏ వార్తా దొరకలేదు సార్."

పిల్లలు నవ్వారు. "ఇంత ఊళ్ళో ఏమీ జరగలేదామ్మా?" అన్నారాయన.

"లేదు సార్. ఎవరూ పోలేదు."

టీచర్ తల దించుకున్నారు. పత్తి మార్కెట్ గురించి రాసిన తుగ్గలి బడి పిల్లల పేర్లు అచ్చులో వచ్చాయి.

సాయంత్రం మారుకబురు వెళ్ళాక, వెనకే మేమూ వెళ్ళాం. శాంతమ్మ తడి జుట్టుతో గడపలో నిలబడి, అక్క ముఖమంతా తడిమి తడిమి చూసింది. "చీపురు తిరగేస్తా నీకు. సైన్సు సెప్తావా నువ్వు?" అంది. ఇద్దరూ నవ్వీ నవ్వీ కూలబడ్డారు. మాకు బొరుగుల ఉగ్గాని పెట్టారు. టీచర్ ఒక ముద్ద తినేదాకా రమీజా తన పళ్ళెం ముట్టలేదు.

చాలా ఏళ్ళకు, ఎనభైల్లో, నేను ఆదోనిలోనే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, నా గదిలో నేనొక్కదాన్నే దర్జాగా ఉంటున్న రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి కబురు వచ్చింది. టీచర్ నిద్రలోనే పోయారట. ఇద్దరితో ఆగకుండా, దొరికిన వాళ్ళందరినీ అడిగాను. అందరూ ఒకే మాట చెప్పారు. చెల్లెలికి చెప్పే పని నా మీద పడింది.

శాంతమ్మ అంతా విని చిన్నగా నవ్వింది.

"ఈ తూరి యాడ తన్నినాదమ్మా కాకి?"

నిజమేనన్నాను. "ఆ పొద్దూ ఇట్లనే సెప్పిరి," అంది. ఏడవాలి కదా అన్నట్టు కొంగుతో కళ్ళొత్తుకుంది. తలకు నీళ్ళు పోసుకుని, జుట్టు ఆరబోసుకుంటూ గడపలో కూర్చుంది. జట్కా చప్పుడు వినిపించినప్పుడల్లా లేచి నిలబడింది. ఎమ్మిగనూరు బస్సెక్కుదాం రమ్మంటే, మారుకబురు తెచ్చేవాడు వచ్చి తిరిగిపోతాడని కదల్లేదు...

ఇప్పుడు చావు కబుర్లు ఫోనుకే వస్తున్నాయి. బతికున్నవాళ్ళ ఫోటోకు పొద్దున దండ వేస్తారు, సాయంత్రం అబద్ధమంటారు. మొదటిదానికి ఏడ్చేవాళ్ళూ లేరు, రెండోదానికి ఊపిరి పీల్చుకునేవాళ్ళూ లేరు.

కాకి శకునాలను నేను నమ్మను. అయినా... నాకు కావలసినవాళ్ళు పోయారని తెలిసినప్పుడల్లా, ఫోను పక్కన పెట్టి, వీధి తలుపు తీసి కాసేపు కూర్చుంటాను.

మీ ఇంటికి ఎప్పుడైనా మారుకబురు వచ్చిందా? వచ్చి ఉంటే రాయండి... ఒక్కటైనా వినాలని ఉంది.