గాలి దూరని గది

ఆ వడ్రంగిని వీధిలో అందరూ ‘బిగింపు’ అనే పిలిచేవారు. వెక్కిరింపుగా మొదలైన పేరే, ఆయన మాత్రం బిరుదు కింద పుచ్చుకున్నాడు. ఏడాదిలో సగం రోజులు ముసురు పట్టి ఉండే ఊరది. వానలు మొదలవడానికి ముందు ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. కిటికీ రెక్కలు చిత్రిక పట్టి, అంచులకు రబ్బరు పట్టీ కొట్టి, అద్దాల చుట్టూ లప్పం దట్టించేవాడు. పని అయ్యాక కొవ్వొత్తి వెలిగించి సందు దగ్గర పట్టుకునేవాడు. మంట కదలకూడదు. కదిలిందా, ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

ఇక సొంత ఇంటి సంగతి చెప్పాలా? చీమ రావాలన్నా ఆయన్ని అడిగి రావాల్సిందే. ఒక గది, అడ్డగోడ అవతల వంటిల్లు, మొత్తానికి ఒకే కిటికీ. పెళ్లయిన కొత్తలో దాన్ని ఆయనే చేసి బిగించాడు. భార్యది సున్నితమైన ఒళ్లనీ, చల్లగాలి పడదనీ ఆయన గట్టి నమ్మకం. ఆవిడ దర్జీ దుకాణానికి కాజాలు కుడుతూ రోజంతా ఇంట్లోనే ఉండేది. ప్రేమను మాటల్లో పెట్టడం ఆయనకు చేతకాలేదు, లప్పంలో పెట్టాడు.

అరవై దాటాక ఒకనాడు ఎవరింటి మెట్ల మీదో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. సంచీ మూలకు చేరింది, ఆయన కుర్చీకి అతుక్కుపోయాడు. కుర్చీ వేయించుకున్నది కూడా కిటికీ పక్కనే, తన పనితనం చూసుకుంటూ కూర్చోవడానికి.

ఆ వానాకాలంలోనే బీరువా వెనక గోడ మీద మిరియపు గింజంత నల్ల మచ్చ కనబడింది. చూస్తుండగానే అది మూల దాకా పాకింది. బయట ఆరని బట్టలన్నీ గదిలో తాడు మీదే వేలాడేవి. ఎసరు ఆవిరి వంటింట్లోంచి వచ్చి వాటి మధ్యే తిరిగేది. పరుపు ముక్కిపోయిన వాసన కొట్టింది. ఆవిడకు దగ్గు పట్టుకుంది.

ఆయన కుంటుకుంటూనే లేచి గోడను బ్లీచింగు నీళ్లతో కడిగాడు, రెండు పూతలు రంగు వేశాడు. నెల తిరక్కముందే బూజు ఆ రంగును పొక్కించుకుని బయటికి వచ్చింది. బయటి చెమ్మే లోపలికి వస్తోందని తీర్పు చెప్పేసి, వంటింట్లో పొగ పోయే కంతను కూడా మూసేశాడు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కాసేపు కిటికీ తీద్దామా అని ఆవిడ ఒకసారి అడిగింది. ఈ ముసురులో మతి ఉండే అడుగుతున్నావా అని కసిరి, ఇంకో దుప్పటి కప్పాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే దశకు వచ్చాక, పెళ్లై వెళ్లిన కూతురు వచ్చి తల్లిని ఆసుపత్రిలో చేర్చింది.

డాక్టరమ్మ ఊపిరితిత్తుల ఫొటో చూసి ఇంటి గురించి అడిగింది. ఆయన గర్వంగానే చెప్పాడు. ఆమె నెమ్మదిగా వివరించింది. ఊపిరి, ఎసరు, తడిబట్టలు, అన్నీ ఆవిరే. పోవడానికి దారి లేక చల్లటి గోడ మీద నీరై కూర్చుంటుంది, అక్కడ బూజు పెరుగుతుంది, దాని పొడి ఛాతీలోకి పోతుంది. వానైనా సరే పూటకు కాసేపు కిటికీ తీయాలి, ఎదురుగా గాలి పోయే దారి ఉండాలి, బీరువాను గోడకు ఆనించకూడదు.

ఆయనకు ఒళ్లు మండింది.

“అదే ఇల్లు, అదే కిటికీ, అదే బీరువా. నేను పనికి పోయినన్నాళ్లూ ఈవిడకు తుమ్మైనా రాలేదు. ఇప్పుడే ఎందుకొచ్చిందో చెప్పండి.”

మంచం మీద ఉన్న భార్య తన ముఖానికి ఉన్న ఆక్సిజన్ గొట్టం తానే పక్కకు తీసింది.

“నువ్వు వీధి మలుపు తిరగ్గానే కిటికీ తీసేదాన్ని. నువ్వొచ్చే వేళకి వేసేసేదాన్ని.”

ఆయనకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే సిగ్గు, ఆ రెంటినీ తోసుకుంటూ భయం. ఇంట్లో కూర్చున్నాకైనా చెప్పొచ్చు కదా అని గొణిగాడు.

“తుంటి విరిగి కూర్చున్నావు. నీకు మిగిలింది ఆ పనితనం ఒక్కటే. అదే నన్ను చంపుతోందని నా నోటితో ఎలా చెప్పను?”

ఆ సాయంత్రమే ఇంటికి పోయి రబ్బరు పట్టీలన్నీ పీకేశాడు. ఉలితో లప్పం చెక్కేశాడు, వంటింటి కంత తెరిచాడు, ఒక్కడే బీరువాను ముందుకు జరిపాడు. వాన జల్లు మంచం మీద పడుతున్నా రెక్కలు మూయలేదు. రోజూ ఆసుపత్రికి వెళ్లి గోడ ఎంతవరకు ఆరిందో భార్యకు చెప్పేవాడు. ఇవాళ కింది వైపు తెల్లబడింది, ఇవాళ వాసన పోయింది, ఇంక మూల ఒక్కటే మిగిలింది. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. పాడైన ఊపిరి తిరిగి రాదని డాక్టరమ్మ కూతురితో చెప్పింది, కూతురు తండ్రితో చెప్పలేకపోయింది.

మూల కూడా ఆరిన రోజున ఆయన మామూలు కంటే ముందే బయలుదేరాడు. వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. నర్సు దుప్పటి మడత పెడుతోంది. కూతురు లేచి ఎదురొచ్చింది, చెయ్యి పట్టుకోబోయింది. ఆయన ఆమెను దాటుకుని వెళ్లి మంచం పట్టె పట్టుకున్నాడు.

“గోడ మొత్తం ఆరిపోయిందమ్మా,” అని నర్సుతో చెప్పాడు.