ఐదో నంబరు పోగు

మొన్న జగిత్యాలలో మా ఆఫీసు కింది క్లినిక్‌లో కొత్తగా పెట్టిన ఉప్పునీటి అక్వేరియం ముందు నిలబడి, రాయి మీద పాకుతున్న ఏదో పురుగుకు మా సహోద్యోగి ఫోన్ చూపిస్తే, క్షణంలో దాని పేరు తెర మీదికి వచ్చింది. నాకేమో ఒక్క జీవిని గుర్తుపట్టడానికి నెలన్నర పట్టిన రోజులు గుర్తుకొచ్చాయి.

డిప్లొమా అయి ఉద్యోగంలో చేరిన కొత్తలో, సిరిసిల్లలో మా ఇంటి ముందుగదిలో అలాంటి తొట్టే ఒకటి పెట్టాను. కోరుట్ల దుకాణంలో కొన్న సముద్రపు రాయి వెంట అడగని జీవులు కూడా వచ్చాయి, వాటిని నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకునేవాణ్ణి: ఒకటి, చిటికెన గోరంత తెల్ల నక్షత్రం, రెండు, ముట్టుకుంటే గొట్టంలోకి దూరే కుచ్చు, మూడు, నాలుగు, పేర్లు తెలియవు. ఐదో నంబరు పక్కన మాత్రం 'చెత్త' అని రాశాను. రాయి కింద నుంచి ఇసుక మీదికి పరుచుకున్న సన్నని తెల్లని దారాలవి. మా గోడకు ఆనుకునే సాంచాల కార్ఖానా, మరమగ్గాల చప్పుడు ఆగని చోటు. అన్నంలో కూడా నూలు ధూళి కనిపించే ఇంట్లో అది పోగు కాక ఇంకేమవుతుందనుకున్నాను. రోజూ బస్సుకు పోయే ముందు పట్టకారుతో తీసేసేవాణ్ణి, మరునాటికి మళ్లీ ఉండేవి. తొట్టికి మూత పెట్టినా ఉండేవి. చివరికి కోరుట్ల దుకాణదారు, ఆ చెత్త రాయిలోంచే వస్తుండొచ్చని, రాయిని తీసి రెండు రోజులు ఎండబెట్టమన్నాడు. ఎండబెడితే నా పట్టికలో ఉన్నవన్నీ చస్తాయని తెలిసీ, ఒక ఆదివారం బకెట్ తెచ్చి పెట్టుకున్నాను.

అప్పుడే కార్ఖానా నుంచి వచ్చిన మా నాన్న, చేతులు కడుక్కుని, సంగతేమిటని అడిగి, నీళ్లలో వేలు పెట్టి ఒక దారాన్ని మెల్లగా తాకాడు. అది వెనక్కి ముడుచుకుంది.

"ఇది పోగు గాదు కొడుకా. చిన్నప్పటి సంది పోగులు గుంజుతున్న, ఒక్కటన్న దానంతట అది ఎన్కకు పోలే," అన్నాడు. "దినాం చెత్త దీస్తున్న అనుకుంటున్నవు గని, నువ్వు గీని మీసాలు పీకుతున్నవు."

బకెట్ పక్కకు పెట్టాను. రాయి కింద దాక్కుని, ఆ మీసాలతో ఇసుక మీది నలుసులు ఏరుకు తినే పురుగు అని, దాని వల్ల తొట్టి శుభ్రంగానే ఉంటుందని తరువాత వెతికి తెలుసుకున్నాను. అయినా నోటుబుక్కులో 'చెత్త' కొట్టేసి, పేరు రాయాల్సిన చోట నాన్న మాటే రాశాను: పోగు గాదు.

ఇప్పుడా తొట్టి లేదు, పక్క కార్ఖానాలో సగం సాంచాలు ఆగిపోయాయి, నాన్న పని మానేశాడు; వేళ్లు మాత్రం ఏ బట్ట కనిపించినా అంచు పట్టి చూస్తాయి. క్లినిక్‌లో పేరు తెలిసింది కాబట్టి మా సహోద్యోగి ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను ఇంకాసేపు నిలబడ్డాను. నీళ్లలో వేలు పెట్టాలనిపించింది, కాని అద్దం మీద ముట్టుకోవద్దని రాసి ఉంది.