తుమ్మ దిమ్మలో నల్ల చార

నేను చదివింది ఐదో తరగతి. అయినా నలభై రెండేళ్లలో, చెక్కను గిర్రున తిప్పే లేతు మీద తొమ్మిది వేల మంచం కోళ్లు తీశాను. పట్నం ప్రదర్శనలో రెండుసార్లు మొదటి బహుమతి అందుకున్నాను. చెక్క రంగు చూసి ఆ చెట్టు ఎలాంటి నేలలో పెరిగిందో చెప్పగలను. పనిలో నాకంటే మిన్న అయినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను, మా అక్క మొగుణ్ణి. చేయి చేసుకోవడంలోనూ ఆయనదే పైచేయి. కోతమిల్లు యజమానిని కొట్టాడు, పోలీసుని కొట్టాడు, ఒకసారి మొరాయించిందని లేతునే సుత్తితో కొట్టాడు.

ఒకనాటి పొద్దున వాగు ఒడ్డున నరికిన తుమ్మ దిమ్మలు నాలుగు ముందేసుకున్నాం. ఒకే చెట్టువి. రెండు ఇటుక ఎరుపు, ఒకటి అంచున మీగడ రంగు, నాలుగోదాని నడుమ సిరా ఒలికినట్టు నీలి నలుపు చార. బావ దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూసి మురిసిపోయాడు.

"దీన్ని ముందువైపు కోడు చేస్తా. చూసినోళ్లు నోరెళ్లబెట్టాలి."

"వద్దు బావా. తుమ్మ ఊరికే అలా నల్లబడదు. లోపల ఇనప మేకో, తీగో ఉంది."

"చెట్టు నీ చెవిలో చెప్పిందా?"

"రంగే చెబుతోంది. అడ్డంగా కోసి చూద్దాం."

"కోస్తే చార పోతుందిరా, తెలివైనోడా."

నేను దిమ్మ లాక్కున్నాను. ఆయన పిడికిలి నా మూతి మీద పడింది. పన్ను ఊడి రంపపు పొట్టులో కలిసిపోయింది. నేనేం తక్కువ తినలేదు, డొక్కలో తన్నాను. ఇద్దరం జుట్లు పట్టుకుని ఉలుల మీద పడి దొర్లాం. అక్క వచ్చి మా మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించింది.

"కొట్టుకు చావండి. ఒకడు పోతే ఒక ముద్ద మిగులుతుంది."

బావ తడి చొక్కాతోనే ఆ దిమ్మ బిగించి మోటారు వేశాడు. ఉలి చారని తాకగానే ఖంగుమంది. దిమ్మ ఊడి ఎగిరి ఆయన దవడ పగలగొట్టింది. విరిగిన ఉలి మొన కుడి కంట్లో దిగింది. గోడ మీద నా తల ఎత్తున రక్తం చిమ్మింది. ఆయన్ని భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తాను, దారిలో ఎక్కడా దించలేదు.

కన్ను తీసేశారు. ఇక లేతు జోలికి పోవద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. పని లేకపోతే ఆయన బతకడని నాకు తెలుసు. మంచం పక్కన కూర్చుంటే, కుట్లు పడ్డ దవడతోనే అడిగాడు.

"దిమ్మ ఏదిరా?"

"అక్క పొయ్యిలో పెట్టింది."

మందుల పక్కనున్న స్టీలు గ్లాసు తీసి విసిరాడు. సరిగ్గా నా కనుబొమ్మ చీలింది. ఒంటికన్నుతోనూ గురి తప్పలేదు. డాక్టరు చెప్పింది తప్పు అని నాకు అప్పుడే అర్థమైంది.

నాలుగో నెలలో వచ్చి లేతు ముందు నిలబడ్డాడు. నేను దిమ్మలు ఎండలో పరిచి, రంగులు చెప్పబోయాను. ఆయన జేబులోంచి దారం కట్టిన అయస్కాంతం తీసి ఒక్కోదాని మీద వేలాడదీశాడు.

"ఎక్కడిది బావా?"

"పాత స్పీకరు పగలగొట్టా. నిన్ను అడిగే కర్మ నాకేంటి?"