బోణీ బండ దగ్గర మామ

మామ పోయిన సంగతి నాకు కూరగాయల మధ్యనే తెలిసింది. తెల్లవారి దుకాణం ముందు కూర్చుని టమాటాలు ఏరుతుంటే ఫోన్ మోగింది. అవతల అత్త. ఏడుపు లేదు, ముందు మాట వెనక మాట లేదు. "మీ మామ పోయిండు బిడ్డా. దుకాణం బంద్ వెట్టి రా" అని పెట్టేసింది. చేతిలో పుచ్చిన టమాట ఉంది. దాన్ని పారేయాలో మళ్లీ గంపలోనే వేయాలో తోచక, చేత్తో పట్టుకునే దుకాణం మూశాను.

మామ అంటే మా అమ్మకు అన్న. వనపర్తికీ గద్వాలకూ బస్సులు దొరికే మా చిన్న పట్నంలో, పాత మార్కెట్లో కూరగాయలు టోకుగా అమ్మేవాడు. ఆయన్ని మహానుభావుడని రాయను. రాస్తే ఆయనే నవ్వుతాడు. మొండి మనిషి. ఎవరి మాటా వినడు, విన్నట్టు తల మాత్రం ఊపుతాడు. ఎండాకాలంలో కూడా మెడలో తువ్వాల చుట్టుకుని, గోరుతో వంకాయ తొడిమ గిల్లి చూస్తూ తిరిగేవాడు.

పాత మార్కెట్ సంస్థానం కాలం నాటిది. రాతి కమాను దాటి లోపలికి పోతే నలుచదరపు వాకిలి, దాని నడుమ నల్లటి బండ. ప్రతి పొద్దున మొదటి గంప ఆ బండ మీద పెట్టాలి. దాన్ని బయటి ఊరి మనిషే కొనాలి. అది అయితేనే హర్రాజు మొదలవుతుంది. అప్పటిదాకా మార్కెట్లో ఎవరూ చాయ్ చుక్క కూడా నోట్లో పోసుకోరు. ఆ గంప పెట్టే హక్కు మామ వాళ్ల ఇంటిది, తాతల నాటి నుంచి వస్తున్నది. పట్నం వాళ్లు కొంటే బోణీ కింద లెక్క కాదు. "మార్కెట్ బతికేది బయటోళ్ల కాళ్ల మీద" అని మామ చెప్పేవాడు.

అందుకే ఎవరైనా బండ ముందుకు వచ్చి ధర అడిగితే, మామ ధర చెప్పేవాడు కాదు. "ఏ ఊరు మనది?" అనేవాడు. రాజోలి అంటే తుంగభద్రలో నీళ్లెట్లా ఉన్నాయని అడిగేవాడు. ఆత్మకూరు అంటే బస్సులో సీటు దొరికిందా అని. ఆ తర్వాతే బేరం. మరీ తక్కువకు అడిగిన వాళ్లను "ఏందయ్యా, ఇంట్ల కొట్లాడి వచ్చినవా, మొకం గట్ల పెట్టినవ్?" అని ఆటపట్టించేవాడు. బేరం తెగాక తల వెనక్కి వంచి "బోణీ!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకతో చాయ్ దుకాణంలో గిన్నెలు కదిలేవి, గోనె సంచుల మీద కునుకుతున్న హమాలీలు లేచేవాళ్లు. నేను చిల్లర దుకాణం పెట్టుకున్న కొత్తలో రోజూ ఆ కేక కోసం కమాను కింద కాచుకుని ఉండేదాన్ని.

మార్కెట్‌ను పట్నం బయటికి మారుస్తారని మాట పుట్టినప్పుడు ఎవరూ నమ్మలేదు. చూపించిన జాగా అట్లాంటిది మరి. ఎప్పుడో మూతపడిన పల్లీ నూనె మిల్లు అది. కూలిన గోడలు, రేకులు ఎగిరిపోయిన షెడ్లు, మనిషెత్తు సర్కారు తుమ్మ. గుంతల్లో నల్లగా నిలిచిన నీళ్లు. నమ్మక తప్పని రోజు వచ్చాక అందరూ కమాను కింద బైఠాయించారు. బండ ఉన్నన్నాళ్లు మార్కెట్ కదలదని వాళ్ల ధీమా. మామ వాళ్లలో మొదటి వరసలో కూర్చున్నాడు.

ఒకరోజు ఒక అధికారి వచ్చి కొత్త చోట ఏమేం కడతారో చదివి వినిపించాడు. నీడ అన్నాడు, నీళ్లన్నాడు, లారీలకు దారి అన్నాడు. మామ తువ్వాలతో ఈగలు తోలుకుంటున్నాడు. చివరికి ఆడవాళ్లకు మరుగుదొడ్లు అన్నాడు. మామ చేయి ఆగింది.

పాత మార్కెట్లో ఆ సౌకర్యం లేదు. అక్కడే ఆకుకూరలు అమ్మే అత్త, ఆమెతో పాటు కూర్చునే ఆడవాళ్లు మసక చీకట్లోనే గోడ వెనక్కి పోయి వచ్చేవాళ్లు. ఇక అంతే. ఎండ నడినెత్తికి వచ్చేదాకా గొంతు తడుపుకునేవాళ్లు కాదు. బోణీ అయినాక మగవాళ్లు చాయ్ తాగుతుంటే వీళ్లు పక్కకు తిరిగేవాళ్లు. మూత్రంలో మంటతో అత్త ఎన్నిసార్లు దవాఖానకు పోయిందో మామకు తెలుసు, నాకు తెలుసు. బైఠాయించిన వాళ్లలో మిగతా మగవాళ్లకూ తెలుసు. కానీ దాన్ని వాళ్లు మార్కెట్ సంగతి అనుకోలేదు.

మామ లేచి "బండ తీసుకపోండ్రి. నేనొస్త" అన్నాడు.

అక్కడ ఎంత గోల! "నిన్ను మభ్యపెడుతుండ్రు" అని తోటి వ్యాపారులు మీదికి వచ్చారు. మామ ఒకటే మాట అన్నాడు. "వాళ్లు చెప్పినయన్నీ అబద్ధమే కానీయండ్రి. గదొక్కటి నిజమైతే నాకు సాలు."

క్రేన్ వచ్చి బండను లేపింది. కింద తడి మట్టి, పురుగులు కనబడ్డాయి. బండ పోయాక అక్కడ బోణీ ఎట్లా చేస్తారు? బైఠాయించిన వాళ్లు ఒక్కొక్కరే దులుపుకుని లేచారు. కొన్నాళ్లకే కమాను కూల్చి, చుట్టూ రేకులు కొట్టారు.

కొత్త మార్కెట్లో అధికారి చెప్పిన వాటిలో ఒక్కటి నిజంగానే కట్టారు. మంచి గది, నీలం తలుపు, గోడ మీద ఆడమనిషి బొమ్మ. దానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెల్వదు. పైన ట్యాంకు ఉంది, దానికి పైపు లేదు. మామ అడగని ఆఫీసు లేదు. అత్త మాత్రం తాళాన్ని చేత్తో పట్టి చూసి "తాళం మంచిగుంది" అంది. ఆమె మళ్లీ గోడ వెనక్కే పోయింది. ఇక్కడ తుమ్మ ముళ్లు అదనం.

వ్యాపారులు కొత్త చోట నిలవలేదు. బస్సు అటు పోదు, ఆటో వాడు రానంటాడు. రైతుల సరుకంతా బైపాస్ రోడ్డు పక్కన వ్యాన్లలోనే చేతులు మారడం మొదలైంది. నేనూ అక్కడే కొంటాను, ఇంకెక్కడ కొనను? మామ ఆ రోడ్డు మీదికి పోయి ఒక్కొక్కరినీ పిలిచి చూశాడు. నా ముందరే ఒకతను అన్నాడు: "ఆడ ఏముంది మామా? బండనా? బండను వండుకొని తింటమా?" వెనక నుంచి ఇంకెవరో "బండ ఇచ్చినోడే ఇప్పుడు బతిలాడుతుండు" అన్నారు. మామ అటు తిరిగి "ఔ, నేనే ఇచ్చిన" అన్నాడు. ఆ తర్వాత ఎవర్నీ పిలవలేదు.

కానీ తను పోవడం మానలేదు. రోజూ తెల్లవారి ఒక వంకాయల గంప తెచ్చి, ఆ పాడుబడ్డ మిల్లు నడుమ బండ మీద పెట్టి నిలబడేవాడు. బోణీ కాకుండా పచ్చి నీళ్లు ముట్టడు. దారి తప్పి వచ్చిన లారీ డ్రైవర్లను, గొర్ల కాపరులను పట్టుకుని "జర రెండు వంకాయలు కొనిపో నాయనా, నీకు పుణ్యముంటది" అని వెంటపడేవాడు. ఎవరూ రాని రోజు ఎండలో అట్లాగే ఉండేవాడు. షుగర్ ఉన్న మనిషి. అత్త తిట్టింది, ఏడ్చింది. వినలేదు.

ఒకరోజు వాళ్లకు అన్నం తీసుకుని పోయాను. అత్త కనబడలేదు. మామ బండ దగ్గర ఉన్నాడు. ఇంతలో గేటులోంచి అత్త సంచి పట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, కొత్త మనిషిలా నడుచుకుంటూ వచ్చింది. వెనక గోడ సందులోంచి బయటికి పోయి చుట్టూ తిరిగి వచ్చిందన్నమాట. బండ ముందు నిలబడి "వంకాయలు ఎట్లిస్తుండ్రు?" అంది.

మామ నవ్వలేదు. "ఏ ఊరు మనది?" అన్నాడు.

"మాది రాజోలి."

"నీళ్లెట్లున్నయి తుంగభద్రల?"

"ఏం నీళ్లు, ఇసుకనే."

నిజంగానే బేరమాడారు. అత్త గట్టిగానే తగ్గించి అడిగింది, మామ గట్టిగానే కోప్పడ్డాడు. బేరం తెగాక ఆ ఖాళీ షెడ్ల మధ్య "బోణీ!" అని కేక వేసి, నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగాడు. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. గోడ చాటుకు పోయి నవ్వీ ఏడ్చీ వచ్చాను.

తర్వాత అది వాళ్లకు అలవాటైంది. అత్త ఒకరోజు ఆత్మకూరు అనేది, ఒకరోజు అలంపురం అనేది. తన పుట్టినూరు కోడేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకత్తా అంటే "గా పేరు చెప్తే అత్తగారి ఊరని దొరకవట్టడా? బోణీ చెడిపోతది" అని నవ్వింది. వాళ్ల ఆ చివరి రోజుల్లో నేను చూసిన నవ్వు అదొక్కటే.

వానలో రేకుల్లేని షెడ్డు కింద నిలబడీ నిలబడీ మామకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. దవాఖానలో పొద్దున మాత్ర వేసుకోవడానికి నీళ్లిస్తే నోరు తెరవలేదు. అత్త చెవి దగ్గర వంగి "బోణీ అయింది. గద్వాల మనిషి వచ్చి కొనుక్కపోయిండు" అని అబద్ధమాడింది. మామ కళ్లు మూసుకునే "మంచిగ బేరమాడిండా?" అన్నాడు. ఆడాడంది అత్త. అప్పుడు నీళ్లు తాగాడు. నేను విన్న ఆయన మాటల్లో అదే ఆఖరిది.

దినాలు అయిన మర్నాడు పొద్దున్నే అత్త ఇంట్లో లేదు. ఎక్కడికి పోయి ఉంటుందో నాకు తెలుసు. నేను పోయేసరికి బండ మీద వంకాయల గంప ఉంది, వెనక మనిషి లేడు. అత్త గోడ సందులోంచి వంగి బయటికి పోతున్నది. కాసేపటికి గేటులోంచి వచ్చింది. కొంగు తల మీద ఉంది, చేతిలో సంచి ఉంది. బండ ముందు నిలబడి "ఎట్లిస్తుండ్రు?" అని అడిగింది.

షెడ్డు మీద ఊడిన రేకు ఒకటి కొట్టుకుంటున్నది. అత్త బండ వెనక, మామ నిలబడే చోటు వైపు చూసింది. ఆ తర్వాత, ఎవరో అడిగినట్టుగా, "మాది కోడేరు" అంది. సంచి నోరు రెండు చేతులతో తెరిచి పట్టుకుని అక్కడే నిలబడింది.