బియ్యం వేగను రాని రోజులు

మొన్న ఆదివారం మా తమ్ముడింట్లో భోజనాలకి కూర్చున్నప్పుడు, పైనెలలో పెళ్ళి పెట్టుకున్న వాడి కూతురు అన్నం గిన్నెని రెండు వేళ్ళతో అటు నెట్టేసి, "నహీ బువా, చావల్ నహీ. మై కీటో పే హూఁ" అని, కాఫీలో చెంచాడు కొబ్బరినూనె కలుపుకుని తాగుతుంటే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నేను తెలుగులో అడగడం, అది నన్ను బువా, అంటే మేనత్తా అని పిలుస్తూ హిందీలో జవాబు చెప్పడం మా ఇంట్లో కొత్తేమీ కాదు గానీ, పెళ్ళి జాకెట్టు పట్టడం కోసం అన్నం మానెయ్యడం మాత్రం కొత్తే. ఏమేం తినచ్చో, ఏవి తినకూడదో ఫోనులో చూపించబోయింది. వెన్న, మీగడ, గుడ్లు, కొబ్బరి తినచ్చు. బియ్యం, పంచదార, దుంపలు కూడదు. అదంతా నాకు పదమూడేళ్ళప్పుడే కంఠతా వచ్చు తల్లీ అనబోతూ, ఎదురుగా కూర్చున్న తమ్ముడి వంక చూశాను. వాడు తలెత్తకుండా నా కంచంలో అన్నం వడ్డిస్తున్నాడు.

డెబ్బైల చివర ఈ ఉక్కు కర్మాగారం ఊరి క్వార్టర్లలో పెరిగిన నా ఈడువాళ్ళకైతే సగం చెబితే చాలు, మిగతా సగం వాళ్ళే చెప్పేస్తారు. సోనారి అనే పేటలో ఒకే గోడని పంచుకుంటూ వరసగా కట్టిన ఇళ్ళ లైను మాది. నాన్న ప్లాంటులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళం కనక ఇంట్లో అమ్మా, నాయనమ్మా మాట్లాడేది ఆ భాషే. కుడిపక్క ఇంట్లో దక్షిణ కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలు బడిలో టీచరు, మాకు టీచరత్త. ఎడమపక్కన మేం చాచీ అని పిలిచే బీహారీ పిన్నిగారు. వెనకాల కాస్త దూరంలో చిన్న విమానాలు దిగే మైదానం. విమానం చప్పుడు వినపడితే చాలు, మా తమ్ముడు ఎక్కడున్నా పెరట్లోకి పరిగెత్తేవాడు, పరిగెత్తగలిగిన రోజుల్లో.

వాడికి రెండేళ్ళు నిండకముందు విపరీతమైన జ్వరం వచ్చి మెడ కొయ్యలా బిగుసుకుపోయింది. పెద్దాసుపత్రిలో నడుము దగ్గర వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీశారు. అవి తేటగా ఉండాలట, గంజిలా తెల్లగా వచ్చాయి. పిల్లల డాక్టరు గారు, బెంగాలీ ఆయన, గాజుగొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని నాన్నకి చూపిస్తూ, ఈ తెల్లదనం రోగపు క్రిములది కాదనీ, వాటితో కలబడడానికి పిల్లవాడి ఒంట్లోంచి తరలివచ్చిన కణాలదనీ, వీడి ఒళ్ళు గట్టిగానే పోరాడుతోందనీ చెప్పారట. నాన్న ఆ మాట జీవితమంతా చెప్పుకున్నారు. తరవాత ఆసుపత్రి ల్యాబులోనే ఉద్యోగం చేసిన నేను అలాంటి నీళ్ళని సూక్ష్మదర్శినిలో ఎన్నిసార్లు చూశానో, చూసినప్పుడల్లా నాన్న గొంతే వినిపించేది.

తమ్ముడు బతికాడు. అయితే యుద్ధం జరిగిన చోటు మెదడు కదా, అక్కడ మచ్చ మిగిలిపోయింది. నాలుగో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి తల ముందుకి వాల్చేసి, కింద కాళ్ళే లేనట్టు కూలిపోయేవాడు. మరుక్షణం లేచేవాడు గానీ ఈలోగా గడ్డమో నుదురో చిట్లేది. చేతిలో ఇనుము పెట్టమని లైనులో వాళ్ళంతా తాళంచెవుల గుత్తులు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. ఇనుము ఉడికే ఊళ్ళో ఇనుముకేం కొదవ! మాత్రలు మింగించాం, మార్చాం, మళ్ళీ మార్చాం. మూర్ఛలు తగ్గలేదు సరికదా, మాత్రల మత్తులో పిల్లవాడు మాటలు కూడా మరిచిపోతున్నాడు. ఆఖరికి నాన్న తన పసుపుపచ్చ పాత హెల్మెట్‌లో అమ్మ చీరముక్కలు కుక్కి వాడి నెత్తిన పెట్టారు. చూసినవాళ్ళు చిన్న ఫోర్‌మన్ వచ్చాడని నవ్వేవారు, మేమూ నవ్వేవాళ్ళం.

అప్పుడు డాక్టరు గారు ఈ తిండి వైద్యం సంగతి ఎత్తారు. మెదడుకి క్రిములు సోకి బయటపడ్డ పిల్లల్లో కొందరికే ఈ మూర్ఛలెందుకు మిగులుతాయో ఆయన చాలాకాలంగా పరిశీలిస్తున్నారట. ఈ వైద్యం పాతదేననీ, మాత్రలు వచ్చాక అందరూ వదిలేశారనీ, మాత్రలకి లొంగని పిల్లలకి మళ్ళీ చేసి చూస్తున్నాననీ చెప్పారు. అన్నం, రొట్టె, పంచదార పూర్తిగా బందు. కొవ్వు తప్ప మండించుకోవడానికి ఇంకేమీ దొరకకపోతే ఒళ్ళు కొవ్వునే మండించుకుంటుంది, దానితో మెదడు నిమ్మళిస్తుంది, ఎందుకో పూర్తిగా ఎవరికీ తెలియదు అన్నారు. తెలియనిది తెలియదని చెప్పినందుకే నాన్నకి ఆయన మీద గురి కుదిరింది. చలికాలం దాటేదాకా మూర్ఛ రాకపోతే హెల్మెట్ తీసేయచ్చన్నారు. ఒక్క ముద్ద అన్నం పడినా మళ్ళీ మొదటికొస్తుందని కూడా అన్నారు.

తెలుగింట్లో పిల్లవాడికి అన్నం పెట్టకుండా ఉండడమంటే ఏమిటో ఆ బెంగాలీ ఆయనకి చెప్పనక్కర్లేదు, ఆయనదీ అన్నం తినే జాతే. నాయనమ్మ మాత్రం రెండు రోజులు ఆయన్ని శాపనార్థాలు పెట్టింది. నాన్న తెల్లవారకుండా ఖటాల్‌కి, అంటే గేదెల పాకకి వెళ్ళి మీగడ తెచ్చేవారు. అమ్మ గుడ్డులో వెన్న, వెన్నలో ఇంత పాలకూర, చేపకి నెయ్యి, అన్నీ చిన్న త్రాసులో తూచి పెట్టేది. నాకు అప్పగించిన పని మరొకటి ఉంది. పొద్దున్నే వాడి మూత్రం గాజుగొట్టంలో పట్టి, ఆసుపత్రి వాళ్ళిచ్చిన పొడులు కలిపి, ముక్కు అదిరిపోయే అమోనియా పక్కనుంచి మెల్లగా జారవిడిస్తే, మధ్యలో ఊదారంగు ఉంగరం కట్టేది. ఉంగరం చిక్కగా ఉంటే ఒళ్ళు కొవ్వునే మండించుకుంటోందని, అంటే వైద్యం నడుస్తున్నట్టు. వెలిసిపోయిందంటే పిల్లవాడి నోట్లో ఏదో పడినట్టు.

మొదటి నెలలోనే ఒకసారి ఉంగరం వెలిసిపోయింది, ఆ మధ్యాహ్నమే వాడు గుమ్మం మీద పడి పెదవి చీల్చుకున్నాడు. అమ్మ ఇల్లంతా వెతికింది, నన్ను తిట్టింది, ఆఖరికి నాయనమ్మ మొహం చూసి అర్థం చేసుకుంది. "నానేటి సేసాను? బువ్వెట్టానా? కడుపులో సల్లగుంటదని రెండు గుక్కలు గంజి నీల్లు పట్టాను. నీల్లే గదే!" అని ముసలామె బావురుమంది. మా వైపు వాళ్ళకి గంజి అన్నం కింద లెక్క కాదు. ఆ రోజు నుంచీ ఆమె రోజూ పొద్దున్నే నా పక్కన చతికిలబడి, ఆ గొట్టం వంక దేవుడి దీపాన్ని చూసినట్టు చూసేది.

అసలు చిక్కు తమ్ముడితోనే వచ్చింది. అన్నం తింటే పడిపోతావని డాక్టరు గారే వాడికి చెప్పారు, వాడూ బుద్ధిగా తలూపాడు. కానీ ఎదుటి కంచంలో తెల్లగా అన్నం కనిపిస్తే ఐదేళ్ళ పిల్లవాడు ఎంతకని ఓర్చుకుంటాడు? ఏడ్చి ఏడ్చి, పెట్టిన వెన్న కూడా ముట్టడం మానేశాడు. అప్పుడు నాన్న, ఎప్పుడూ అబద్ధమాడని మనిషి, డ్యూటీ నుంచి వచ్చి సైకిలు గోడకి ఆన్చి, మనవైపు నుంచి రావాల్సిన బియ్యం రైలు వేగను రాలేదనీ, ఊళ్ళో ఎవరికీ బియ్యం లేవనీ, ఎవరూ అన్నం తినడంలేదనీ చెప్పారు. రేషను దుకాణాల ముందు వరసలు కట్టే రోజులు కనక తమ్ముడు నమ్మాడు. ఎవరికీ లేనప్పుడు వాడికి లేకపోవడం పెద్ద కష్టంగా తోచలేదు కాబోలు, ఆ పూట బుద్ధిగా గుడ్డు తిన్నాడు.

ఇక ఆ అబద్ధాన్ని నిలబెట్టాలి. మా బియ్యం డబ్బా టీచరత్త వంటింట్లోకి మారింది. మాకూ ఆమే వండి ఉంచేది. మేం వంతులవారీగా ఏదో పని ఉన్నట్టు పక్కింటికి వెళ్ళి తిని, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చేవాళ్ళం. నాయనమ్మ మొదట్లో క్రైస్తవులింట భోజనమా అని సణిగింది గానీ, టీచరత్త చింతకాయ పచ్చడి రుచి మరిగాక అందరికన్నా ముందు ఆమే బయల్దేరేది. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ వెయ్యలేదు, లైను లైనంతా వాళ్ళంతట వాళ్ళే ఈ నాటకంలో చేరిపోయారు. అన్నం ఉడికే వేళకి వీధివైపు కిటికీలు మూసేవారు. గంజి వాకిట్లో పారబోయడం మానేశారు. తమ్ముడు గుమ్మంలోకి వస్తే కంచాలు మంచం కిందకి పోయేవి. చాచీ అయితే వాణ్ణి చూడగానే పెద్దగా నిట్టూర్చి, "ఆజ్ భీ చావల్ నహీ ఆయా, బేటా" అనేది. ఇవాళా బియ్యం రాలేదన్న ఆమెని వాడే ఓదార్చేవాడు. విమానం దిగినప్పుడల్లా దాంట్లో బియ్యం వచ్చాయేమో కనుక్కోమని నాన్నని పోరేవాడు.

నెలలు గడిచాయి. తూలిపడడం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. మాటలు తిరిగొచ్చాయి, అల్లరి వాటికన్నా ముందే వచ్చింది. చలికాలం ఇంకా ముందుంది, ఆ గండం గడిస్తే హెల్మెట్ పోతుందని ఇంటిల్లిపాదీ ఆశగా ఉన్నాం. అలాంటి సమయంలో దుర్గాపూజ వచ్చింది. నాయనమ్మ వాణ్ణి సాక్చి బజారులో పూజ పందిళ్ళు చూపిస్తానని తీసుకెళ్ళింది. అక్కడ భోగం, అంటే అమ్మవారి ప్రసాదం పంచుతున్నారు, బియ్యమూ పెసరపప్పూ కలిపి వండిన కిచిడీ. ఆ తోపులాటలో వాడి చెయ్యి జారిపోయింది. మా లైనులో వాళ్ళకి తెలుసు గానీ సాక్చిలో కిచిడీ వడ్డించే కుర్రాళ్ళకేం తెలుసు! నాయనమ్మ వెతుక్కుంటూ వెళ్ళేసరికి, పందిరి వెనక మెట్టు మీద, పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని, ఆకు దొన్నెని రెండు చేతులతో గుండెకి అదుముకుని కూర్చున్నాడట. గడ్డానికీ చొక్కాకీ మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఆమె వాణ్ణి రెక్క పట్టుకుని రిక్షా దగ్గరికి లాక్కొచ్చిందట.

రిక్షాలో ఇంటికొచ్చేదాకా దొన్నె ఎవరికీ ఇవ్వలేదట. తిన్నగా వచ్చి నా ముందు పెట్టాడు. మావైపు అక్కని అప్ప అంటారు.

"అప్పా, బువ్వ! వేగను వచ్చీసినాది. ఎన్నాళ్ళయిందో గదా నువ్వు తిని. తినీయ్! అమ్మకీ, నాన్నకీ కొంచెం ఉంచు."

"నువ్వు తిన్నావేట్రా?" అని అమ్మ వాడి భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"నాను తింటే పడిపోతాను గదా! నాకొద్దు," అన్నాడు వాడు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నేను గంట కిందటే టీచరత్త ఇంట్లో చేపల పులుసుతో కడుపునిండా తిని వచ్చాను. ఆ చల్లారిన కిచిడీ వాడి ఎదురుగా కూర్చుని తిన్నాను. ముద్ద ముద్దకీ వాడు నా నోటి వంకే చూశాడు, బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను. అమ్మ ఒక ముద్ద తీసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నాన్నకి ఉంచిన వాటా మీద గిన్నె బోర్లించి, ఆయన వచ్చేదాకా వాడే కాపలా కాశాడు. ఇన్ని నెలలుగా వాణ్ణి మేం కాపాడుతున్నాం అనుకున్నాం. వాడేమో అన్నం లేక అల్లాడుతున్నామని మా మీద దిగులు పెట్టుకున్నాడు. ఆ సంగతి అప్పుడు తెలిసి ఏడుపాగలేదు నాకు.

అయినా ఆ మెతుకుల భయం పోలేదు. దారిలో ఒక్క ముద్దయినా తిని ఉంటాడని అమ్మ, వాడి పెదాలు కదులుతుంటే చూశానని నాయనమ్మ. తెల్లవారగానే గొట్టం పట్టుకుని కూర్చున్నాను. అమ్మ, నాన్న, నాయనమ్మ, గోడ మీంచి టీచరత్త, అందరూ చూస్తుండగా అమోనియా జారవిడిచాను. ఉంగరం కట్టింది, పండిన నేరేడుపండు రంగులో, అంత చిక్కటి ఉంగరం అంతకుముందెన్నడూ చూడలేదు. ఒక్క మెతుకు కూడా వాడి గొంతు దిగలేదు. నాయనమ్మ ఆ గొట్టానికి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

చలికాలం గడిచింది, మూర్ఛ రాలేదు. హెల్మెట్ అటక ఎక్కింది. ఆపైన ఇంకా ఏడాదికి పైగా ఆ తిండే నడిపించి, మెల్లమెల్లగా సడలించి, ఒకరోజు డాక్టరు గారు పిడికెడు అన్నం పెట్టమన్నారు. ఆ సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వస్తూ లైను మొదట్నుంచే సైకిలు బెల్లు మోగించుకుంటూ, "ఒరే, వేగను వచ్చిందిరా!" అని కేకలు పెట్టారు. వీధివైపు కిటికీలన్నీ ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఇంటింటి నుంచీ ఒక్కో గిన్నె వచ్చింది, ఏ ఇంటి అన్నం వాడికి ముందు పెట్టాలన్న దాని మీద చాచీకీ నాయనమ్మకీ పెద్ద గొడవే జరిగింది.

ఇప్పుడా లైను లేదు, ఆ చోట ఫ్లాట్లు లేచాయి. నాన్న, అమ్మ, నాయనమ్మ, టీచరత్త ఎవరూ లేరు. ఆ వైద్యం మాత్రం ఇంకా ఉంది, మూర్ఛల పిల్లలకి పెద్ద ఊళ్ళ ఆసుపత్రుల్లో చేస్తున్నారని విన్నాను, సంతోషం. మా మేనకోడలికి అది జాకెట్టు కోసం కావాల్సి వచ్చింది, అదీ మంచిదే, ఒంట్లో బాగుండి అన్నం వద్దనుకోవడం కూడా ఒక అదృష్టమే. ఈ ఫ్లాట్లలో ఎవరి కంచం వాళ్ళది, పక్కింట్లో పిల్లవాడు ఏం తినకూడదో ఎవరికీ తెలియదు, తెలిసినా ఎవరూ తమ కిటికీ మూసుకోరు. ఆ రోజుల్లో మేం అన్నం తింటూనే ఉన్నామన్న సంగతి మా తమ్ముడికి ఏ వయసులో తెలిసిందో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. కానీ ఇప్పటికీ, తల నెరిసినా, భోజనాల దగ్గర ముందు నా కంచంలో వడ్డించి, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా వాడు తన కంచం ముట్టుకోడు.