గుర్రం గెలిచిందని చెప్పిన శుక్రవారం

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఈ అరబ్బు దేశంలో, రుస్తాఖ్ ఊళ్లో మా రూమ్‌లో అన్నం తిని నడుం వాల్చానో లేదో, ఊరి నుంచి మా మేనకోడలు ఫోన్‌కు ఒక సినిమా పంపింది. కింద ఒక్క మాట రాసింది: "మామా, మా నాయిన చూసిన గుర్రాల సినిమా గిదేనా?" ఇద్దరు స్నేహితులు, ఒక బక్క గుర్రం, ఒక పెద్ద పందెం అని తన చిన్నప్పుడెప్పుడో నేను చెప్పిన కథను పట్టుకుని, ఎక్కడెక్కడో వెతికి, ఇన్నేళ్లకు దొరకబుచ్చుకుంది. బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. అవునని రాస్తే, సాయంత్రం చూస్తానంది. అప్పుడు నాకు భయం వేయాల్సింది, ఏమీ వేయలేదు. ఈమధ్య నాకు చాలా వాటికి ఏమీ అనిపించడం లేదు.

నాతోపాటు ముప్పై ఏళ్ల కిందట ఈ దేశం వచ్చినవాళ్లకు శుక్రవారాల సంగతి చెప్పనక్కర్లేదు. వారమంతా సైట్‌లో సిమెంటు మోసి, ఆ ఒక్కరోజు బట్టలుతుక్కుని, పొయ్యి మీద మాంసం పెట్టుకుని, అద్దెకు తెచ్చిన వీసీఆర్ ముందు పదిమందిమి కూర్చునేవాళ్లం. హిందీ క్యాసెట్లన్నీ చూసేశాక మలయాళీ కొట్లో మిగిలేవి ఇంగ్లీషువే. అవి ఎవరికీ అర్థం కావు కాబట్టి మా రూమ్‌లో ఒక పద్ధతి ఉండేది: ఒకరు టీవీ పక్కన కూర్చుని తెలుగులో కథ చెప్పాలి, చెప్పినవాళ్లకు ఆరోజు గిన్నెలు తోమే పని ఉండదు. ఇంటర్ తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా, ఆ కొలువు నాకే దక్కింది. నాకు అర్థమయ్యేది పావలా వంతు, మిగతా ముప్పావలా నా సొంతం. ఒకసారి బ్యాంకు దొంగను కలెక్టరును చేసి చివరిదాకా నడిపించాను, ఎవరూ తప్పు పట్టలేదు.

మేనకోడలి తండ్రి, అంటే మా చెల్లెలి మగడు, నాకు బావ కాకముందు నుంచే స్నేహితుడు. బడిలో ఒకే బెంచి మీద కూర్చున్నాం, ఒకే వాగులో ఈత నేర్చుకున్నాం. వీసా తెప్పించి పిలిపించుకున్నదీ నేనే. బావకు సైట్ పని కాదు, ఊరవతల ఒక అర్బాబు, అంటే ఇక్కడి యజమాని, ఖర్జూరపు తోటలో గుర్రాలు చూసుకునే డ్యూటీ. అందులో ఒక తెల్లటి ఆడగుర్రమంటే అతనికి ప్రాణం. ఈద్ పండుగకు దాని మీద అర్బాబు కొడుకు స్వారీ చేయాలి. ఇక్కడి పండుగ స్వారీలో ఇద్దరిద్దరు పక్కపక్కన గుర్రాలను దౌడు తీయిస్తూ ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు, గెలిచినవాడూ ఓడినవాడూ ఉండరు. అది చెప్పి బావ నవ్వేవాడు: "గెల్సుడే లేనప్పుడు ఇంత ఉరుకుడెందుకే బావా?"

అప్పటికి ఊళ్లో ఈ మేనకోడలు పుట్టి మూడు నెలలు, బావ ఇంకా బిడ్డ ముఖం చూడలేదు. అర్బాబు మంచివాడే, సెలవు ఇప్పుడు తీసుకుంటావా, పండుగయ్యాక తీసుకుంటావా, నీ ఇష్టం అన్నాడు. పండుగ ఇంకా నెలన్నర ఉంది. ఇటు గుర్రం, అటు బిడ్డ, బావ ఎటూ తేల్చుకోలేక, అట్ట మీద గుర్రం బొమ్మ ఉందని ఆ సినిమా మా రూమ్‌కు తెచ్చి, అది నడుస్తుండగా అందరి ముందూ అన్నాడు: "ఈ గుర్రం గెల్సిందంటే పండుగ దాంక ఉంట, ఓడిందంటే ఈ వారమే ఇంటికి పోత."

సరిగ్గా ఆఖరి పందెంలో, గుర్రాలు మలుపు తిరుగుతుండగా, వీసీఆర్ టేపును నమిలేసింది. లాగితే తెగింది. బావ అట్ట తెచ్చి నా చేతిలో పెట్టి, "గెల్సిందా, చదువు బావా" అన్నాడు. అక్షరాలు కూడబలుక్కోగలను గానీ అందులో ఏముందో నాకు తెలియలేదు. తెలియలేదంటే పదిమందిలో పరువు పోతుంది, అది ఒకటి. రెండోది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు: బావ వెళ్లిపోతే నేను ఒంటరివాణ్ణి అయిపోతాను, నాకు అతను వెళ్లడం ఇష్టం లేదు. గెలిచిందని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు, నేను గిన్నెలు తోమకుండా పడుకున్నాను.

ఇరవై రోజులకు కొండల మీద వాన పడింది. ఇక్కడ వాదీ అంటే ఏడాదంతా ఎండిన వాగు, వచ్చిందంటే గడియలో వస్తుంది. నీళ్లు ముంచుకొస్తుంటే, ఆవలి గట్టున కట్టేసిన తెల్ల గుర్రాన్ని విప్పడానికి బావ వాగులోకి దిగాడట. గుర్రం ఈది ఒడ్డెక్కింది. బావ మర్నాడు తోట కంచె దగ్గర దొరికాడు. చదువుకున్నవాణ్ణని, శవాన్ని ఊరికి పంపే కాగితాలన్నీ నా చేతే రాయించారు. పండుగ రోజు వెళ్లి స్వారీ కూడా చూశాను. తెల్ల గుర్రం బాగా పరుగెత్తింది. ఊరికి పోయినప్పుడు, ఆఖరున ఏమైందని పిల్ల అడిగితే, గుర్రం గెలిచిందనే చెప్పాను.

మొన్న పిల్లకంటే ముందే నేను ఆ సినిమా పూర్తిగా చూశాను. గుర్రం నాలుగోదిగా వచ్చింది. నడిపిన కుర్రవాడు దిగి, దాని మెడ నిమిరి, పగ్గం స్నేహితుడి చేతికిచ్చి, ఇంటికి వెళ్లే బండి ఎక్కాడు. అంతే సినిమా. సాయంత్రానికి పిల్ల రాసింది: "మామా, గుర్రం ఓడింది గదా, గెల్సిందంటివి?" ఫోన్ దగ్గర పెట్టుకుని మాట రికార్డు చేసి పంపాను: "మీ నాయినకు గూడ గెల్సిందనే చెప్పిన బిడ్డా. నాకు దెల్వదు, దెల్వకనే చెప్పిన. మీ నాయిన ఇంటికి పోతడేమోనని చెప్పిన." మా చెల్లెకు వేరే ఫోన్ లేదు, నా మాటలన్నీ కూతురి ఫోన్‌లోనే వింటుంది. విన్నట్టు నా ఫోన్‌లో గుర్తు పడింది. జవాబు రాలేదు, ఈ శుక్రవారానికీ రాలేదు.

ఆ సినిమా ఇప్పుడు తెలుగే మాట్లాడుతోంది. టేపు తెగదు, అట్ట చదివి పెట్టమని ఎవరూ ఎవరినీ అడగరు. అప్పుడే ఇట్లా ఉంటే బావ ఆ వారమే విమానమెక్కేవాడు, బిడ్డను ఎత్తుకునేవాడు. రూమ్‌లో ఆరుగురం ఉన్నాం, ఎవరి చెవిలో వైర్లు వాళ్లవి, ఎవరి సినిమా వాళ్లది. కథ చెప్పేవాళ్లతో పని లేదు కాబట్టి గిన్నెలు అందరమూ వంతుల ప్రకారం తోముకుంటున్నాం. ఈరోజు నా వంతు.